నాన్నగారికి స్కాట్లాండ్‌లో లింక్స్ గోల్ఫ్: సముద్రం పక్కన ఏ ఊళ్లో హోటల్ తీసుకోమంటారు?

మధురవాడ_లీడ్స్

అందరికీ నమస్కారం. జూన్‌లో అమ్మానాన్నలు వైజాగ్ నుంచి లీడ్స్‌కి, మా దగ్గరికి వస్తున్నారు. నాన్నగారికి 68. పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. అక్కడి ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో ఉదయం పూట ఆడకపోతే ఆయనకి రోజు మొదలైనట్టుండదు. హ్యాండికాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె, తక్కువుంటే మంచి ఆటగాడు) 19. టీవీలో ఓపెన్ (బ్రిటన్‌లో జరిగే పెద్ద గోల్ఫ్ పోటీ) వస్తుంటే ఇంట్లో ఎవరూ రిమోట్ ముట్టుకోకూడదు. ఆయనకి ఎప్పటినుంచో ఒకటే కోరిక, స్కాట్లాండ్‌లో సముద్రం పక్కన లింక్స్ (తీరపు ఇసుక నేల మీది గోల్ఫ్ కోర్సు) మీద ఆడాలని. సెయింట్ ఆండ్రూస్‌లోని ఓల్డ్ కోర్స్ అయితే మరీ సంతోషం.

గురువారం వెళ్లి సోమవారం తిరిగొచ్చేలా ప్లాన్ చేస్తున్నాను. మేం ఐదుగురం: అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల బాబు. గోల్ఫ్ ఆడేది నాన్నగారే. నేను ప్రాక్టీస్ రేంజ్‌లో బంతులు కొడతాను తప్ప నాకు హ్యాండికాప్ లేదు. అమ్మ శనివారం, సోమవారం గుడ్డు కూడా ముట్టదు. నాన్నగారికి ఎడమ మోకాలు నొప్పి, మెట్లు ఎక్కితే ఎక్కువవుతుంది. వైజాగ్‌లో బగ్గీలో (కోర్సులో తిరిగే చిన్న బండి) తిరగరు, కానీ బ్యాగు మోసే క్యాడీ ఉంటాడు.

సెయింట్ ఆండ్రూస్‌లో సముద్రం కనిపించే హోటల్ గదులు చూశాను. రేట్లు చూసి ల్యాప్‌టాప్ మూసేశాను. తూర్పు తీరంలో నార్త్ బెరిక్, పశ్చిమ తీరంలో ట్రూన్ కూడా బాగుంటాయని కొందరన్నారు. మీలో ఎవరైనా అటువైపు ఉంటే చెప్పండి. ఏ ఊరు, ఎలాంటి హోటల్, ఓల్డ్ కోర్స్ ఆశ పెట్టుకోవచ్చా?

రెడాన్_రావు

మాది భీమవరం, ఉండేది ఎడిన్‌బరా పక్కన మస్సెల్‌బరాలో. ఈ తీరంలో చాలాకాలంగా ఆడుతున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు హోటల్ సంగతి. మీ బడ్జెట్ సీ వ్యూ మీద పెట్టకండి. సముద్రం హోటల్ బయట ఉచితంగా దొరుకుతుంది. డబ్బు పెట్టాల్సినవి వేరే ఉన్నాయి: మీ గది అంతస్తు దాకా వచ్చే లిఫ్టు, డ్రయ్యింగ్ రూమ్, మొదటి టీకి (ఆట మొదలుపెట్టి బంతి కొట్టే చోటు) నడిచి వెళ్లగలిగే దూరం. ఈ తీరం హోటళ్లు చాలావరకు వంద, నూట యాభై ఏళ్ల నాటి రాతి భవనాలు. కొన్నిట్లో లిఫ్టే ఉండదు. ఉన్నచోట కూడా లిఫ్టు ఆగాక మళ్లీ ఐదారు మెట్లు ఎక్కాల్సిన గదులుంటాయి. వెబ్‌సైట్‌లో ఇది కనపడదు. ఫోన్ చేసి, "మా నాన్నగారు మెట్లు ఎక్కలేరు, ఏ గది ఇస్తారు?" అని గది నంబరుతో సహా అడగండి.

డ్రయ్యింగ్ రూమ్ అంటే ఆటగాళ్ల తడి బట్టలు, బూట్లు, బ్యాగులు ఆరబెట్టుకునే వెచ్చటి గది. జూన్ కదా, ఎందుకులే అనుకుంటారు. ఇక్కడ జూన్‌లో పగటి వేడి పదిహేను, పద్ధెనిమిది డిగ్రీలు. ఎండ, జల్లు, గాలి మూడూ ఒకే రౌండ్‌లో వచ్చిపోతాయి. పైగా తూర్పు తీరంలో హార్ అనే పొగమంచు ఉంది. లోపల ఊళ్లో ఎండ కాస్తుంటుంది, సముద్రం మీది నుంచి అది తెర దించినట్టు వచ్చి ఫ్లాగ్ కనపడకుండా చేస్తుంది. తడిసిన బూట్లు గదిలో హీటర్ మీద పెడితే తెల్లారేసరికి తోలు బిరుసెక్కి, లోపల మాత్రం చెమ్మగానే ఉంటాయి. డ్రయ్యింగ్ రూమ్ లేకపోతే న్యూస్ పేపర్ ఉండలు కుక్కడమే గతి.

ఇక ఊరు. నా ఓటు నార్త్ బెరిక్‌కి. మీరు లీడ్స్ నుంచి వస్తున్నారు, ఏ1 రోడ్డు పట్టుకుంటే ఎడిన్‌బరా ట్రాఫిక్‌లోకి వెళ్లకుండా ముందే తిరిగిపోవచ్చు. దారిలో ఆగకపోతే నాలుగు గంటలు, పిల్లాడితో అయితే ఐదనుకోండి. మ్యాప్‌లో పేరు సరిగా టైప్ చేయండి. బెరిక్ అపాన్ ట్వీడ్ వేరే ఊరు, అది ఇంగ్లండ్‌లోనే ఉంది.

అక్కడి వెస్ట్ లింక్స్‌లో నాన్నగారిని ఆడనివ్వండి. క్లబ్ 1832 నాటిది. పదమూడో హోల్‌లో గ్రీన్‌కి (జెండా, గుంట ఉండే పొట్టి గడ్డి చోటు) ముందు అడ్డంగా ఒక పాత రాతి గోడ ఉంటుంది. కూల్చలేదు, పక్కకి జరపలేదు, దాని మీదుగా కొట్టాల్సిందే. పదిహేనోది రెడాన్, నా ఐడీ చూసి ఇప్పటికే అర్థమై ఉంటుంది. సుమారు 190 గజాల పార్ 3, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్. గ్రీన్ ముందువైపు కుడి నుంచి వెనక ఎడమ వైపుకి వాలి ఉంటుంది. నేరుగా జెండా మీదికి కొట్టినవాడి బంతి బంకర్‌లోకో (ఇసుక గుంట) వెనక్కో పోతుంది. కుడిపక్కన దింపితే దానంతట అదే నెమ్మదిగా దొర్లుకుంటూ హోల్ వైపు వెళ్తుంది. ప్రపంచమంతా ఎన్నో కోర్సుల్లో ఈ హోల్‌ని చూసి కట్టుకున్నారు. పద్ధెనిమిదో హోల్ కుడిపక్క రోడ్డు మీద వరసగా కార్లు పార్క్ చేసి ఉంటాయి. స్లైస్ (బంతి కుడివైపుకి వంగిపోయే దెబ్బ) కొట్టేవాళ్లకి అక్కడ టెన్షనే. మీ కారు మాత్రం అక్కడ పెట్టకండి.

మెరీన్ హోటల్ ఈ కోర్సు పక్కనే ఉంది, గది నుంచి ఆట చూడొచ్చు. రేటు ఎక్కువ. ఊళ్లో చిన్న హోటళ్లు, గెస్ట్ హౌస్‌లు ఉన్నాయి, అక్కడినుంచి కూడా కోర్సుకి నడకే. వెస్ట్ లింక్స్ గ్రీన్ ఫీజు (ఒక రౌండ్ ఆడటానికి కట్టేది) సీజన్‌లో రెండు వందల పౌండ్ల పైమాటే. అది ఒక్కరోజు పెట్టుకోండి. రెండో రోజు ఊరికి అటు చివర గ్లెన్ క్లబ్‌లో ఆడించవచ్చు. కొండ అంచున ఉంటుంది, ఫీజు బాగా తక్కువ, పదమూడో హోల్‌లో టీ మీద నిలబడితే కింద గ్రీన్, దాని పక్కనే సముద్రం. అయితే మొదటి హోల్‌లోనే ఎత్తు ఎక్కాలి, మోకాలి సంగతి చూసుకోండి.

బగ్గీ గురించి చెప్పాలి. అలవాటు లేకపోవడం మంచిదే. ఇక్కడి లింక్స్‌లో నడక తప్పదు. చాలా క్లబ్బుల్లో ఆరోగ్య సమస్య ఉందని డాక్టర్ ఉత్తరం చూపిస్తే తప్ప బగ్గీ ఇవ్వరు, అదీ ముందే మాట్లాడుకోవాలి. బ్యాటరీ ట్రాలీ అద్దెకిస్తారేమో టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) బుక్ చేసేటప్పుడే అడగండి. క్యాడీని కూడా ముందే బుక్ చేసుకోవాలి, వెళ్లాక దొరుకుతాడని అనుకోవద్దు.

మీకు హ్యాండికాప్ లేదన్నారు కదా, అయినా నాన్నగారితో ఒక్క రౌండ్ ఆడండి. మా ఊళ్లో మస్సెల్‌బరా ఓల్డ్ లింక్స్ ఉంది. గుర్రప్పందాల ట్రాక్ మధ్యలో తొమ్మిది హోల్స్. అక్కడ గోల్ఫ్ ఆడినట్టు 1672 నాటి రికార్డు ఉంది. 1874 నుంచి 1889 మధ్య ఆరు ఓపెన్‌లు ఇక్కడే జరిగాయి. ఇప్పుడు చూస్తే మామూలు మునిసిపల్ మైదానంలా ఉంటుంది, దర్జా ఏమీ ఉండదు. నాకు అందుకే ఇష్టం. పందేలున్న రోజు మూసేస్తారు, తేదీ చూసుకోండి.

ఓల్డ్ కోర్స్ సంగతి తర్వాత రాస్తాను, ఇప్పుడు డ్యూటీకి వెళ్లాలి.

హేమ_డండీ

రావుగారు గోల్ఫ్ చెప్పారు కాబట్టి మిగతా నలుగురి గురించి నేను చెప్తాను. మావారు ఆడతారు, నేను హోటల్ లాబీలో కూర్చుని చాలా స్వెటర్లు అల్లాను.

సీ వ్యూ విషయంలో రావుగారితో ఒప్పుకోను. ఆడేవాళ్లు నాలుగైదు గంటలు బయటే ఉంటారు, గదిలో ఉండేది మనం. వాన పడుతుంటే అత్తగారు, కోడలు, పిల్లాడు ఆ కిటికీలోంచి పార్కింగ్ చూడాలా? కానీ "సీ వ్యూ" అని రాసిందల్లా నమ్మొద్దు. ఒకచోట మాకిచ్చిన సీ వ్యూ, పైకప్పు కింద గదిలో నెత్తి మీద ఏటవాలు కిటికీ. మంచమెక్కి నిలబడితే నీళ్లు కనపడేవి. ఫోటో పంపమని అడగండి, సిగ్గుపడొద్దు.

జూన్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకే వెలుతురు వచ్చేస్తుంది, రాత్రి పది దాకా చీకటి పడదు. దానికి తోడు సీగల్స్ కిటికీ గట్టు మీద కూర్చుని అరుస్తాయి. అమ్మగారికి నిద్ర పట్టకపోతే కష్టం. మందపాటి కర్టెన్లు ఉన్నాయా అడగండి. ఏసీ ఉండదు, అవసరం కూడా పడదు.

తిండి: ఉదయం బఫే చాలావరకు మాంసం. బేకన్, సాసేజ్, బ్లాక్ పుడ్డింగ్. బ్లాక్ పుడ్డింగ్ నల్లగా గుండ్రంగా కేకు ముక్కలా ఉంటుంది, అది రక్తంతో చేస్తారు. అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. శనివారం ఆవిడకి పారిడ్జ్, టోస్టు, వేయించిన పుట్టగొడుగులు, టమాటా, బీన్స్, టాటీ స్కోన్ సరిపోతాయి. టాటీ స్కోన్ అంటే బంగాళాదుంప కలిపి పెనం మీద కాల్చే రొట్టె, మా అత్తగారికి ఆవకాయతో బాగా నచ్చింది. ఇది చాలామందికి తెలియదు, హ్యాగిస్‌లో శాకాహారం రకం కూడా దొరుకుతుంది, పప్పులు, ఓట్స్‌తో చేస్తారు. ఉల్లి, మిరియాల ఘాటు ఉంటుంది, మనవాళ్లు తినగలరు.

రాత్రి భోజనం విషయంలో మాత్రం జాగ్రత్త. చిన్న ఊళ్లలో ఎనిమిదిన్నరకే వంటగది మూసేస్తారు. ఎండ ఇంకా ఉంది కదా అని బీచ్‌లో ఉండిపోయి తొమ్మిదికి వస్తే చిప్స్ ప్యాకెట్లే. మనింట్లోలాగా తొమ్మిదిన్నరకి తినే నాన్నగారైతే ఆయనకి ముందే చెప్పండి. గదిలో రైస్ కుక్కర్ పెట్టకండి, పొగ అలారం మోగితే హోటల్ అంతా ఖాళీ చేయిస్తారు. గది కెటిల్‌లో వేణ్ణీళ్లు కాచుకుని ఇన్‌స్టంట్ ఉప్మా కలుపుకోవచ్చు. లేదంటే హోటల్ బదులు కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ చూడండి, మీరు ఐదుగురు కదా, ఖర్చు కూడా కలిసొస్తుంది.

పిల్లాడికి నార్త్ బెరిక్‌లో సీబర్డ్ సెంటర్ ఉంది. ఎదురుగా సముద్రంలో బాస్ రాక్ అనే పెద్ద బండ, దాని మీద గానెట్ పక్షులు. జూన్‌లో ఆ బండ సున్నం కొట్టినట్టు తెల్లగా కనిపిస్తుంది, అదంతా పక్షులూ వాటి రెట్టానూ. సెంటర్‌లో కెమెరా కర్ర తిప్పి గూళ్లు దగ్గరగా చూడొచ్చు. మా పాప ఆ కర్ర వదల్లేదు, వెనక క్యూ పెరిగిపోయింది.

సెయింట్ ఆండ్రూస్‌లో ఉండకపోయినా అక్కడ హిమాలయాస్‌కి తీసుకెళ్లండి. ఓల్డ్ కోర్స్ పక్కనే బంతిని నేల మీద దొర్లించి గుంటలో వేసే ఎగుడుదిగుడు పటింగ్ గ్రీన్ అది. 1867లో ఆడవాళ్లు పెట్టుకున్న పటింగ్ క్లబ్‌ది. వేసవిలో కొద్ది పౌండ్లకే ఎవరైనా ఆడొచ్చు, పటర్ (దొర్లించి కొట్టే కర్ర), బంతి వాళ్లే ఇస్తారు. మా అత్తగారు చీరకొంగు నడుముకి దోపి ఆడి మావారిని ఓడించారు. ఆయన ఇప్పటికీ గాలి వల్లే అంటారు.

ఆయిర్‌షైర్_ఆంధ్రా

అందరూ తూర్పు తీరమే అంటున్నారు, పశ్చిమం తరఫున ఒకమాట. ఓపెన్ పుట్టింది మా వైపు, 1860లో ప్రెస్ట్‌విక్‌లో. ఎనిమిది మంది ఆటగాళ్లు, పన్నెండు హోల్స్ కోర్సు, ఒకేరోజు మూడు రౌండ్లు. మొదటి హోల్ ఇప్పటికీ రైలు పట్టాల పక్కనే. కుడివైపు గోడ దాటితే స్టేషనే.

ట్రూన్‌లో ఉండండి. గ్లాస్గో సెంట్రల్ నుంచి నేరుగా రైలు. రాయల్ ట్రూన్‌లో 2024 ఓపెన్ జరిగింది, ఎనిమిదో హోల్ పోస్టేజ్ స్టాంప్ 123 గజాలే, గాలి ఎదురైతే ప్రొఫెషనల్స్ కూడా వణుకుతారు. ఆ ఫీజు భరించలేకపోతే పక్కనే కౌన్సిల్ కోర్సు డార్లీ ఉంది. అదే ఇసుక నేల, అదే గాలి, అవే గోర్స్ ముళ్ల పొదలు. ఫీజులో మాత్రం నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. సాయంత్రం ఆరన్ దీవి వెనక సూర్యుడు దిగుతుంటే బాల్ చూడాలో ఆకాశం చూడాలో తెలీదు. తూర్పువాళ్లకి ఇది లేదు.

కానీ నిజం చెప్పాలి, లీడ్స్ నుంచి కారులో, మోకాలి నొప్పితో, ఓల్డ్ కోర్స్ కోరికతో వస్తున్నారంటే ఈసారికి తూర్పే నయం. మావైపు వాన కూడా ఎక్కువ.

రెడాన్_రావు

డ్యూటీ అయింది. ఓల్డ్ కోర్స్ సంగతి.

రెండు దార్లు. ఒకటి బ్యాలెట్, అంటే లాటరీ: ఆడాలనుకున్న రోజుకి రెండు రోజుల ముందు మధ్యాహ్నం రెండు గంటల్లోపు పేర్లివ్వాలి, కనీసం ఇద్దరుండాలి, అందరికీ హ్యాండికాప్ ఉండాలి. మీకు లేదు కాబట్టి నాన్నగారు ఒంటరి. రెండోది ఒంటరిగా వచ్చేవాళ్ల డ్రా. ఇదివరకు ఓల్డ్ పెవిలియన్ బయట రాత్రంతా దుప్పటి కప్పుకుని క్యూలో కూర్చునేవాళ్లు. 2024 నుంచి దాన్ని మార్చారు, ఆడే ముందు రోజు అక్కడికి వెళ్లి నమోదు చేసుకుంటే డ్రా తీసి చెప్తారు. 68 ఏళ్ల మనిషి చలిలో కూర్చోనక్కర్లేదు, అదొక్కటే సుఖం. కానీ ముందు రోజు కూడా సెయింట్ ఆండ్రూస్‌లో ఉండాలి. నార్త్ బెరిక్ నుంచి కారులో రెండు గంటల దాకా పడుతుంది, రెండు రోజులు వరసగా తిరగడం మోకాలికి ఆట కంటే ఎక్కువ నొప్పి.

కాబట్టి నేనైతే గురు, శుక్ర రెండు రాత్రులు నార్త్ బెరిక్‌లో, శని, ఆది సెయింట్ ఆండ్రూస్‌లో లేదా కాస్త దూరంగా లూకర్స్ వైపు పెట్టుకుంటాను. సెయింట్ ఆండ్రూస్‌లో రైల్వే స్టేషన్ లేదు, దగ్గరిది లూకర్స్, అక్కడినుంచి బస్సులు తరచుగా ఉంటాయి. ఓల్డ్ కోర్స్ ఫీజు సీజన్‌లో మూడు వందల పౌండ్లు దాటింది. డ్రా తగలకపోతే ఏడవకుండా ముందుగానే న్యూ కోర్స్‌లో టీ టైమ్ బుక్ చేసి పెట్టండి. పేరు న్యూ, కట్టింది 1895లో, ఓల్డ్ టామ్ మోరిస్. ఓల్డ్ కోర్స్‌కి ఆనుకునే ఉంటుంది, అదే గాలి, అదే గడ్డి. అక్కడ ఆడి నిరాశపడినవాణ్ణి నేను చూడలేదు.

ఆదివారం ఓల్డ్ కోర్స్‌లో ఆట ఉండదు. ఊరివాళ్లకి అది పార్కు. కుక్కల్ని తిప్పుతారు, పిల్లలు పరిగెడతారు. మీ ఐదుగురూ మొదటి టీ దగ్గర నుంచి నడుచుకుంటూ వెళ్లి స్విల్కన్ వంతెన మీద నిలబడి ఫోటో తీసుకోండి, టిక్కెట్ లేదు. పదిహేడో గ్రీన్ పక్కన రోడ్ బంకర్‌ని నాన్నగారికి అంచు మీంచి చూపించండి, లోపలికి దిగొద్దు. టీవీలో ఆ లోతు తెలియదు.

జూలైలో వచ్చే ఆలోచనకి మారితే మాత్రం స్కాటిష్ ఓపెన్ వారం చూసుకోండి. అది నార్త్ బెరిక్ పక్కనే రెనైసాన్స్ క్లబ్‌లో జరుగుతుంది, ఆ వారం ఆ చుట్టుపక్కల గది దొరకదు.

ఇంకొకటి, డ్రైవింగ్ మీరే కాబట్టి. స్కాట్లాండ్‌లో తాగి నడిపే పరిమితి ఇంగ్లండ్ కంటే తక్కువ, 2014 డిసెంబర్ నుంచి. రౌండ్ తర్వాత నాన్నగారికి విస్కీ ఇప్పించండి, మీరు వాసన చూసి ఊరుకోండి.

మధురవాడ_లీడ్స్

అందరికీ చాలా థాంక్స్. నాన్నగారికి వాట్సాప్‌లో చదివి వినిపించాను. రెడాన్ అనగానే "తెలుసులే, నాకు చెప్తున్నావా" అన్నారు. హిమాలయాస్ గురించి అమ్మ మూడుసార్లు అడిగింది.

నార్త్ బెరిక్‌లో రెండు హోటళ్లకి ఫోన్ చేశాను. ఒకచోట లిఫ్టు లేదు. రెండోచోట ఉంది, డ్రయ్యింగ్ రూమ్ కూడా ఉంది, కానీ సముద్రం వైపు గది ఒక్కటే మిగిలింది. హేమగారి మాట ప్రకారం అది అమ్మానాన్నలకి తీసుకున్నాను. మాకు పార్కింగ్ వ్యూ. సెయింట్ ఆండ్రూస్‌లో రెండు రాత్రులకి కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ చూస్తున్నాను. న్యూ కోర్స్‌కి సోమవారం ఉదయం టీ టైమ్ దొరికింది.

రెండు సందేహాలు. నాన్నగారు తన సెట్ అంతా వైజాగ్ నుంచి తెస్తానంటున్నారు, అద్దెకి తీసుకుంటే సరిపోదా? హ్యాండికాప్ కాగితం క్లబ్ ఇచ్చింది చాలా?

రెడాన్_రావు

క్లబ్ ఇచ్చిన వరల్డ్ హ్యాండికాప్ సిస్టమ్ ఇండెక్స్ పత్రం ఈమధ్య తేదీతో ఉంటే ఇక్కడ చెల్లుతుంది. ప్రింట్ తీసుకుని రమ్మనండి, ఫోన్‌లో చూపిస్తామంటే స్టార్టర్ (మొదటి టీ దగ్గర ఆటగాళ్లని వరసగా పంపేవాడు) ముఖం మాడ్చుకుంటాడు.

సెట్ తేవద్దు. అన్ని పెద్ద కోర్సుల్లో మంచి క్లబ్స్ అద్దెకిస్తారు. గ్లవ్స్ రెండు మూడు జతలు, వాటర్‌ప్రూఫ్ బూట్లు, ఆయనకి చెయ్యి అలవాటైన పటర్ మాత్రం తెచ్చుకోమనండి. పటర్ విమానంలో చేతిసంచిలో రానివ్వరు, చెకిన్ పెట్టెలో వేయాలి. దాని పని గ్రీన్ మీద ఒక్కటే కాదు. లింక్స్‌లో గ్రీన్‌కి ముప్ఫై గజాల బయటినుంచి కూడా పటర్‌తో నేల మీద దొర్లించి కొట్టొచ్చు, గడ్డి అంత పొట్టిగా, నేల అంత గట్టిగా ఉంటుంది. బంతిని గాల్లోకి లేపితే గాలి పట్టుకుపోతుంది. ఈస్ట్ పాయింట్‌లో ఈ నెలంతా గ్రీన్ అంచు బయటినుంచి పటర్ ప్రాక్టీస్ చేయమనండి.

హేమ_డండీ

అపార్ట్‌మెంట్ ఖాయమైతే పొయ్యి గ్యాసా కరెంటా అడగండి, ఇండక్షన్ అయితే అమ్మగారి ఇడ్లీ పాత్ర దాని మీద పనిచేయకపోవచ్చు. కరివేపాకు ఇక్కడ చిన్న ఊళ్లలో దొరకదు, లీడ్స్‌లోనే కొనుక్కుని బయల్దేరండి.